వ్యభిచారం: ఈ మాట మొదటి అర్థం ఏమిటి, ఎక్కడెక్కడ ఎలా వాడారు?

పాతపుటలు
అన్నంభట్టు రాసిన తర్కశాస్త్ర గ్రంథం తర్కసంగ్రహానికి పాత తెలుగు తాత్పర్యం ఒకటి మళ్ళీ అచ్చుకు సిద్ధమవుతోంది. "వహ్ని ధూమమునకు వ్యభిచరించును", "ఈ హేతువు వ్యభిచారదుష్టము" లాంటి వాక్యాలు పుటపుటకీ ఉన్నాయి. ఇప్పటి విద్యార్థికి ఆ మాట వినగానే తోచే అర్థం వేరు. అందుకని రెండు సందేహాలు. శీలానికి సంబంధించిన అర్థం తర్వాత వచ్చి చేరిందా, మొదటి నుంచీ ఉందా? పునర్ముద్రణలో ఆ మాట మార్చవచ్చా? తెలిసినవారు ఆధారాలతో చెప్పగలరు.

తర్కపాఠి
మార్చకండి. మారిస్తే శాస్త్రమే మారిపోతుంది.

వి + అభి + చర్. యణాదేశం వల్ల "వ్యభి" అయింది. చర్ అంటే నడవడం. తర్కంలో దీనికి జోడీ మాట "సాహచర్యం", అంటే కలిసి నడవడం. అదీ చర్ ధాతువు నుంచి వచ్చిందే. "ఎక్కడెక్కడ పొగ ఉందో అక్కడక్కడ నిప్పు ఉంది" అనే సాహచర్య నియమమే వ్యాప్తి అని అన్నంభట్టు నిర్వచనం. ఆ జంటలో ఒకటి రెండోదాన్ని వదిలి విడిగా కనిపిస్తే వ్యభిచారం. రెండు మాటలనూ పక్కపక్కన పెట్టి చూపితే విద్యార్థికి వేరే వివరణ అక్కర్లేదు.

మీరు ఎత్తిన వాక్యమే చూడండి. పొగను చూసి నిప్పు ఉందనడం సరైన అనుమానం. తిరగేసి "కొండ మీద నిప్పు ఉంది కాబట్టి పొగ ఉంది" అంటే తప్పు. కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పు ఉంటుంది, పొగ ఉండదు. అంటే నిప్పు పొగను తప్పి కూడా ఉండగలదు. "వహ్ని ధూమమునకు వ్యభిచరించును" అంటే ఇంతే. పొగ రావాలంటే నిప్పుకు తడి కట్టె తోడవాలి. ఆ తడి కట్టె కలయికనే "ఉపాధి" అంటారు.

హేతువు అంటే అనుమానానికి చూపే కారణం. వ్యభిచారం ఉన్న హేతువు, అంటే సవ్యభిచార హేతువు, మూడు రకాలు. మూడింటికీ పాఠంలో ఉదాహరణలు ఉన్నాయి, వాటిని కదిలించకండి. సాధారణం: "కొండకు నిప్పు ఉంది, తెలియదగిన వస్తువు కాబట్టి." తెలియదగడం నిప్పు లేని చెరువుకూ ఉంది. అసాధారణం: "శబ్దం నిత్యం, శబ్దత్వం ఉంది కాబట్టి." ఆ గుణం శబ్దంలో తప్ప ఇంకెక్కడా లేదు, పోల్చి చూడటానికి చోటే లేదు. అనుపసంహారి: "అన్నీ అనిత్యం, తెలియదగినవి కాబట్టి." అన్నిటినీ పక్షంలోనే (దేని గురించి రుజువు చేస్తున్నామో అందులోనే) కలిపేశాక దృష్టాంతంగా చూపడానికి ఏదీ మిగలదు.

మాట మారిస్తే ఏమవుతుందంటారా? "దోషం" అని పెడితే విరుద్ధం, సత్ప్రతిపక్షం, అసిద్ధం, బాధితం కూడా దోషాలే కాబట్టి అయిదు హేత్వాభాసాల్లో, అంటే హేతువులా కనిపించే తప్పుడు హేతువుల్లో, ఇది ఏదో తెలియదు. "అనైకాంతికం" (ఒకవైపే నిలవనిది) సరైన పర్యాయమే, గౌతముడి న్యాయసూత్రం కూడా సవ్యభిచారాన్ని ఆ మాటతోనే వివరిస్తుంది. కానీ దాని నుంచి క్రియ రాదు. "వ్యభిచరించును" అన్నచోట "అనైకాంతికించును" అనలేం కదా.

రసరేఖ
అలంకారశాస్త్రంలోనూ ఇదే మాట నిలబడి ఉంది. "విభావానుభావవ్యభిచారిసంయోగాద్రసనిష్పత్తిః" అనే భరతసూత్రం అందరికీ తెలిసిందే: విభావాలు, అనుభావాలు, వ్యభిచారి భావాలు కలిస్తే రసం పుడుతుందని. నాట్యశాస్త్రం లెక్కలో నిలకడగా ఉండే స్థాయి భావాలు 8, సాత్త్వికాలు 8, వ్యభిచారులు 33, మొత్తం 49.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. తర్కంలో "వి" ఉపసర్గకు విడిపోవడం అని అర్థం. భరతుడు మాత్రం "వివిధం"గా, రసానికి "అభిముఖం"గా చరించేవి వ్యభిచారులు అన్నాడు. అంటే రసం వైపే నడుస్తాయి, కాకపోతే ఒకచోట నిలవవు. సముద్రంలో అలల్లా స్థాయిలో పైకి తేలి మళ్ళీ మునుగుతాయని నాటక లక్షణాలు చెప్పే దశరూపకం పోలిక. తరగతిలో ఈ పేరు చెప్పడానికి ఇబ్బందిపడి "సంచారి భావాలు" అనేవారు ఎక్కువ. అది కూడా శాస్త్రంలో ఉన్న పర్యాయమే, తప్పేమీ లేదు. తప్పు ఎక్కడ వస్తుందంటే, పేరు చూసి ఇవన్నీ శృంగారానికి చెందినవని విద్యార్థులు రాసేస్తారు. జాబితా మొదలయ్యేదే నిర్వేదం, గ్లాని, శంకలతో. ఆలస్యం, దైన్యం, మరణం కూడా అందులో ఉన్నాయి.

మడతకాగితం
అంటే గౌతముడు, భరతుడు వాడిన నాటికి శీలం అర్థం లేదన్నమాటేనా? పండితులు నడక అనే అర్థంలో వాడుకుంటే జనం చెడగొట్టారని చాలాచోట్ల చదివాను.

స్మృతిచర్చ
అది నిజం కాదండీ. రెండు అర్థాలూ పక్కపక్కనే నడిచాయి. మనుస్మృతి 5వ అధ్యాయంలో "వ్యభిచారాత్తు భర్తుః స్త్రీ లోకే ప్రాప్నోతి నింద్యతామ్" అని ఉంది, 9వ అధ్యాయంలో అదే శ్లోకం మళ్ళీ వస్తుంది. "భర్తుః" అన్న మాటను చూడండి. దేన్ని తప్పి నడిచిందో చెప్పాకే వాక్యం పూర్తయింది. తర్కంలో నిప్పు పొగను తప్పినట్టు, ఇక్కడ భార్య భర్తను తప్పడం. వాక్య నిర్మాణం ఒకటే. ఇప్పటి తెలుగులో "దేన్ని?" అనే ప్రశ్న రాలిపోయి, మాట ఒంటరిగా ఒక వృత్తికి పేరై కూర్చుంది. అసలు మార్పు నా దృష్టిలో అదే.

ఇంకా ముఖ్యమైనది 9వ అధ్యాయంలోని 101వ శ్లోకం: "అన్యోన్యస్యావ్యభిచారో భవేదామరణాంతికః." చనిపోయేవరకూ ఒకరినొకరు తప్పకుండా ఉండటమే స్త్రీపురుషులకు పరమధర్మం అని. ఇక్కడ మాట ఇద్దరికీ వర్తిస్తుంది. నింద, శిక్ష చెప్పే శ్లోకాల్లో మాత్రం బరువంతా స్త్రీ మీదే పడింది. యాజ్ఞవల్క్యుడు ఆచారాధ్యాయంలో "వాసయేద్ వ్యభిచారిణీమ్" అంటూ ఆమెను అధికారాలు తీసేసి, మురికి బట్టతో, పిండమాత్రం తిండి పెట్టి, నేల మీద పడుకోబెట్టాలంటాడు. ఆ పక్కన పురుషుడికి అలాంటి మాట లేదు. మాట సమానంగా ఉంది, వాడినవాళ్ళు సమానంగా వాడలేదు. ఇది కప్పిపుచ్చకుండా చెప్పాల్సిన విషయం.

మనుస్మృతి 10వ అధ్యాయంలో "వ్యభిచారేణ వర్ణానామ్" అన్నచోట వర్ణాలు హద్దు తప్పి కలవడం అని అర్థం.

అనువాదకులు తరచూ పొరబడే చోటు ఒకటుంది. రాజు విచారించాల్సిన 18 వ్యవహారపదాల్లో, అంటే వివాద విషయాల్లో, పరస్త్రీ సంబంధమనే నేరం పేరు వ్యభిచారం కాదు, "స్త్రీసంగ్రహణం". పరస్త్రీతో ఏకాంతంలో మాట్లాడటం, కానుకలు పంపడం కూడా దాని కిందికి తెచ్చారు. యాజ్ఞవల్క్యస్మృతి వ్యాఖ్య అయిన మితాక్షరను తెలుగులో పద్యాలుగా చేసిన కేతన విజ్ఞానేశ్వరీయం లాంటి గ్రంథాలు చదివేటప్పుడు సంగ్రహణం కనిపిస్తే "కూడబెట్టడం" అని రాయకండి.

గీతాభ్యాసి
భగవద్గీతను కలపకపోతే చర్చ వెలితిగా ఉంటుంది. 13వ అధ్యాయంలో "భక్తిరవ్యభిచారిణీ", 14వ అధ్యాయంలో "అవ్యభిచారేణ భక్తియోగేన", 18వ అధ్యాయంలో "యోగేనావ్యభిచారిణ్యా ధృతిః". మొదటి రెండుచోట్లా వేరే దిక్కుకు పోని భక్తి. మూడోది ధైర్యం గురించి, అక్కడ "సడలని" అంటే సరిపోతుంది. మూడింటినీ "వ్యభిచార దోషం లేని" అని అనువదిస్తే చదివేవాడు ఎక్కడికో వెళ్ళిపోతాడు.

కుమారసంభవం 5వ సర్గలో బ్రహ్మచారి వేషంలో వచ్చిన శివుడు పార్వతితో, అందం పాపానికి దారి తీయదన్న మాట "అవ్యభిచారి" అంటాడు. ఎన్నడూ వమ్ముకాని మాట అని. ఆడపిల్ల ఎదుట నిలబడి, ఆమె శీలాన్ని పొగుడుతూ వాడిన మాటలోనే ఈ పదం ఉంది. ఆనాటి చెవికి అది ఎబ్బెట్టుగా లేదనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

పదవేట
అసలు ఇలాంటి మాటలన్నీ నడక చుట్టూనే తిరగడం నాకు ఆసక్తికరమైన విషయం. అమరకోశంలో మనుష్యవర్గం తీయండి. "పుంశ్చలీ ధర్షిణీ బంధక్యసతీ కులటేత్వరీ, స్వైరిణీ పాంసులా చ" అని ఎనిమిది మాటలు. వ్యభిచారిణి ఆ వరసలో లేనే లేదు. పుంశ్చలిలో ఉన్నది చల్, కదలడం. కులటలో అట్, తిరగడం. ఇత్వరిలో ఇ ధాతువు, వెళ్ళడం. స్వైరిణి తన ఇష్టానికి తాను కదిలేది. ఎనిమిదింటిలో నాలుగు నడకలే. తెలుగుకు వస్తే తిరుగుబోతు, చెడతిరగడం, దారి తప్పడం, గడప దాటడం. తెలుగు మాటలు మగవాళ్ళకూ వాడతాం, తిరుగుబోతు అన్నది ఎక్కువగా వాళ్ళకే.

కులట మీద కొంచెం ఆగాలి. కుల + అటా, సవర్ణదీర్ఘం వచ్చి "కులాటా" కావాలి. శకంధ్వాదులనే మినహాయింపు మాటల్లో చేరడం వల్ల పరరూపం (రెండో అచ్చే నిలవడం) వచ్చి "కులటా" అయింది. ఇక్కడ కులం అంటే ఇల్లు. ఇల్లిల్లూ తిరిగేది కులట. అమరుడే కొంచెం ముందుకెళ్ళి, ఆమె భిక్ష కోసం తిరిగే పతివ్రత అయితే ఆమె కొడుకు "కౌలటినేయుడు" అని విడిగా చెప్తాడు. అంటే ఇల్లిల్లూ తిరిగే బిచ్చగత్తె, ఏ తప్పూ చేయకపోయినా, అదే పేరుతో ఉండేది. తేడా చూపడానికి కొడుకు పేరులో ప్రత్యయం మార్చాల్సి వచ్చింది.

పాంసుల అంటే దుమ్ము అంటినది. రఘువంశం 2వ సర్గలో నందినీ ధేనువు వెనుక నడుస్తున్న సుదక్షిణను కాళిదాసు "అపాంసులానాం ధురి కీర్తనీయా" అంటాడు, దుమ్ము అంటనివారిలో మొదట చెప్పదగినది అని. అదే శ్లోకంలో ఆవు గిట్టల కింద దుమ్ము పవిత్రమవుతోంది. ఆ దుమ్ములో నడుస్తూనే దుమ్ము అంటనిది ఆమె. పాంసుల అర్థం తెలియకుండా ఈ శ్లోకం చదివితే సగం పోతుంది.

మడతకాగితం
అయితే "జారత్వం" కూడా ఈ కోవలోదేనా? జారిపోవడం నుంచి వచ్చిందేనా? కాలుజారింది అంటాం కదా.

పదవేట
చాలామంది అలాగే అనుకుంటారు, కానీ రెండూ వేరు. జారు, జారుడు బండ, జారుముడి - ఇవి తెలుగు మాటలు. జారుడు, జారిణి, జారత్వం సంస్కృతం "జార" నుంచి వచ్చినవి. సంప్రదాయ వ్యుత్పత్తి జౄ ధాతువు నుంచి, అంటే అరిగిపోవడం, జీర్ణం కావడం. యాస్కుడు వేదపదాలను వివరించే నిరుక్తంలో సూర్యుణ్ణి జారుడన్నాడు, రాత్రిని జీర్ణింపజేస్తాడు కాబట్టి. ఋగ్వేదంలో పూషన్ అనే దేవతను "స్వసుర్యో జార ఉచ్యతే" (సోదరికి జారుడనబడేవాడు) అనడం స్తుతిలోనే వస్తుంది. భాగవతంలో గోపికలు "జారబుద్ధ్యాపి సంగతాః" (జారుడనే భావంతోనైనా కలిసినవారు), గోపాల సహస్రనామంలో "చోరజారశిఖామణిః". దేవుడి పేర్లలో చేరినా, లోకంలో మాత్రం తిట్టుగానే మిగిలింది.

ఒక చిట్కా. "జారిన" అని వస్తే తెలుగు క్రియ. "జార" తర్వాత త్వం, తనం, ఇణి వస్తే సంస్కృత నామం. "జారుడు" ఒక్కటే రెండింటికీ దొరుకుతుంది, అక్కడ పక్క మాట చూడాలి. బండ ముందు ఉంటే నునుపు, చోరుడి పక్కన ఉంటే పరస్త్రీలోలుడు.

అచ్చతెలుగు మాట కావాలంటే "రంకు" ఉంది. పాత నిఘంటువుల్లో "ర" కింద వెతికి దొరకలేదని వదిలేయకండి, బండిర కింద "ఱంకు" చూడండి. "రంకు నేర్చినమ్మ బొంకు నేర్వదా" అనే సామెతలో కూడా నింద ఆడదాని మీదే ఉంది, గమనించండి.

వాక్యధ్యానం
తెలుగు బైబిలులో వ్యభిచారం, జారత్వం అనే రెండు మాటలనూ జాగ్రత్తగా విడదీశారు. పది ఆజ్ఞల్లో "వ్యభిచరింపకూడదు". పెళ్ళి కట్టు తప్పడం అక్కడి విషయం. పౌలు పత్రికల్లో వివాహబంధంతో పని లేకుండా అన్ని అక్రమ సంబంధాలకూ కలిపి చెప్పాల్సినచోట "జారత్వము": "జారత్వమునకు దూరముగా పారిపోవుడి." హెబ్రీయులకు రాసిన పత్రిక 13వ అధ్యాయంలో "వేశ్యాసంగులకును వ్యభిచారులకును" అని రెండు వర్గాలు పక్కపక్కనే ఉన్నాయి. వ్యభిచారులు అంటే వేశ్యావృత్తి చేసేవారు అనుకుంటే ఆ వాక్యంలో రెండో మాటకు పని ఉండదు. ప్రవక్తల గ్రంథాల్లో విగ్రహారాధనను వ్యభిచారం అనడం కూడా దేవుణ్ణి తప్పి నడవడమనే అర్థంలోనే. స్మృతిచర్చ గారు అన్న "దేన్ని తప్పి?" అనే ప్రశ్న ఇక్కడ బతికే ఉంది.

కోర్టుతెలుగు
ఇప్పటి చిక్కంతా చట్టం వార్తల్లో ఉంది. తెలుగులో ఒకే మాటను రెండు వేరు వేరు విషయాలకు వాడుతున్నాం.

మొదటిది, 1860 నాటి శిక్షాస్మృతి 497వ సెక్షన్. పెళ్ళయిన స్త్రీతో, ఆమె భర్త సమ్మతి లేకుండా సంబంధం పెట్టుకున్న పురుషుడికి అయిదేళ్ళ వరకూ జైలు. స్త్రీకి శిక్ష లేదు, ప్రేరేపించిందన్న నేరం కూడా రాదు. భార్యను భర్త ఆస్తిలా చూసిన సెక్షన్ అది. జోసెఫ్ షైన్ కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2018 సెప్టెంబరు 27న దాన్ని కొట్టేసింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ సెక్షన్ మళ్ళీ రాలేదు.

రెండోది, లైంగిక వృత్తి కోసం మనుషులతో జరిపే వ్యాపారాన్ని అరికట్టే 1956 నాటి చట్టం. 1986 సవరణతో పేరు మారింది, పోలీసులూ విలేకరులూ "పీటా" అనేది దాన్నే. లైంగిక వృత్తి దానంతట అది నేరమని ఆ చట్టం అనదు. వేశ్యాగృహం నడపడం, ఆ వృత్తిలో ఉన్న ఇంకొకరి సంపాదన మీద బతకడం, మనుషుల్ని ఆ వృత్తిలోకి దింపడం, బహిరంగ స్థలాల దగ్గర జరపడం, విటులను పిలవడం - ఇవి నేరాలు.

ఇప్పుడు "వ్యభిచారం నేరం కాదన్న సుప్రీంకోర్టు" అని 2018 తీర్పుకు శీర్షిక పెడితే, తెలుగు పాఠకుడు పీటా రద్దయిందనుకుంటాడు. హిందీలో ఈ గొడవ లేదు. వాళ్ళకు "వ్యభిచార్" వేరు, "వేశ్యావృత్తి" వేరు. హిందీ ప్రతి నుంచి తెలుగు చేసేటప్పుడు మాటను అలాగే దించుకోవడం వల్లే సగం తప్పులు. "అత్యాచార్" కూడా అంతే. అక్కడ దౌర్జన్యం, ఇక్కడ పత్రికల్లో మానభంగం. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం పేరులో మాత్రం తెలుగులోనూ పాత అర్థమే నిలిచింది, అందుకే ఆ పేరు విని చాలామంది తికమకపడతారు.

భరణం కేసుల్లో ఇంకా ప్రమాదం. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125(4), ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహిత 144(4), పరపురుషుడితో సంబంధం సాగిస్తున్న భార్యకు భరణం ఉండదంటుంది. ఒకసారి జరిగిన తప్పు చాలదు, అది కొనసాగుతూ ఉండాలని కోర్టుల వివరణ. అఫిడవిట్ అనువాదంలో "వ్యభిచార జీవితం గడుపుచున్నది" అని రాస్తే ఆ స్త్రీ మీద రెండు తప్పులు మోపినట్టు. వృత్తి అనే అర్థం వస్తుంది, "కొనసాగుతూ" అన్న కీలకమైన షరతు పోతుంది. "వివాహేతర సంబంధంలో కొనసాగుతున్నది" అని రాయండి.

నేను పాటించే వరస ఇది: ముందు సెక్షన్ నంబరు చూడాలి. 497, 125(4), విడాకుల చట్టం అయితే "వివాహేతర సంబంధం". పీటా అయితే "లైంగిక వృత్తి", గృహం మీద దాడి వార్తయితే నిర్వాహకుణ్ణి నేరస్థుడిగా, స్త్రీలను బాధితులుగా రాయాలి. పాత తీర్పును యథాతథంగా ఎత్తి రాస్తేనే "వ్యభిచారం" ఉంచి, ఏ అర్థమో పక్కనే చెప్పాలి.

స్మృతిచర్చ
"అక్రమ సంబంధం" మాటేమిటండీ? పత్రికల్లో అదే ఎక్కువ.

కోర్టుతెలుగు
2018 తర్వాత అది వాడకూడదనే నా అభిప్రాయం. క్రమం తప్పిందనడం తీర్పు చెప్పడమే. నేరం కాని దాన్ని నేరంలా వినిపిస్తుంది. విడాకులకు కారణంగా మాత్రం అది ఇప్పటికీ చెల్లుతుంది, కాబట్టి "సంబంధం" అని విషయం చెప్పి ఊరుకోవాలి.

తర్కపాఠి
పాతపుటలు గారికి అచ్చుదిద్దడంలో రెండు జాగ్రత్తలు. ఒకటి, "అభిచారం" అనే మాట వేరే ఉంది. శత్రువు మీద చేసే మారణ ప్రయోగం అది. "అభిచార హోమం" కనిపిస్తే "వ్య" రాలిపోయిందనుకుని చేర్చకండి. రెండు, "వ్యబిచారం" అని ఒత్తు లేకుండా వస్తే వెతుకులాటలో దొరకదు, రెండు రూపాల్లోనూ వెతికి సరిచేయండి.

పీఠికలో చెప్పడానికి ఒక న్యాయం పనికొస్తుంది: "సంభవే వ్యభిచారే చ స్యాద్విశేషణమర్థవత్." విశేషణానికి సార్థకత ఉండాలంటే ఆ గుణం వస్తువుకు ఉండే వీలుండాలి, లేకపోయే వీలూ ఉండాలి. "నల్లకలువ" అనవచ్చు, తెల్లకలువలూ ఉన్నాయి కాబట్టి. "చల్లని నిప్పు" అనలేం, సంభవం లేదు. "వేడి నిప్పు" అనక్కర్లేదు, వ్యభిచారం లేదు. ఈ మూడు ఉదాహరణలు చదివిన విద్యార్థికి మాట మీద బెరుకు పోతుంది.

పాతపుటలు
అందరికీ కృతజ్ఞతలు. మూలంలో మాట అలాగే ఉంచుతున్నాం. మొదటిసారి వచ్చినచోట అడుగున ఇలా వేయాలని నిర్ణయం: "వ్యభిచరించు: తోడుగా ఉండవలసినదానిని తప్పి ఉండు. సాహచర్యానికి ఎదురు మాట. నిప్పు పొగను తప్పి ఇనుప గుండులో ఉండును." తర్కపాఠి గారూ, "తప్పి ఉండు" సరిపోతుందా, "విడిచి ఉండు" అనాలా?

తర్కపాఠి
"తప్పి" అనే ఉంచండి. "విడిచి" అంటే ముందు కలిసి ఉండి తర్వాత వేరయిందనిపిస్తుంది. ఇనుప గుండులో పొగ మొదటి నుంచీ లేదు.